ఈసీఎస్ క్వెరీలు వేగంగా నడవాలంటే: ఆర్కిటైపా, స్పార్స్ సెట్టా, రెండూ కలిపా?

ఎంటిటీ కాంపొనెంట్ సిస్టమ్ (ఈసీఎస్) మీద గేమో సిమ్యులేషనో కట్టేవాళ్లకు ఒక దశలో ఈ ప్రశ్న తప్పదు. ఇందులో ఎంటిటీ అంటే ఒక వస్తువుకు ఇచ్చిన ఐడీ, కాంపొనెంట్ అంటే దానికి తగిలించిన డేటా, సిస్టమ్ అంటే ఆ డేటా మీద నడిచే కోడ్, క్వెరీ అంటే "ఈ కాంపొనెంట్లున్న ఎంటిటీలు కావాలి" అని అడగడం. ఆర్కిటైప్, స్పార్స్ సెట్ అన్నవి ఆ డేటాను మెమరీలో పేర్చే రెండు స్టోరేజ్ పద్ధతులు. వెయ్యి ఎంటిటీల దాకా అంతా సాఫీగానే ఉంటుంది. లక్ష దగ్గరికి వచ్చేసరికి ఫ్రేమ్ రేటు పడిపోతుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.6 మిల్లీసెకన్లే. రెండరింగ్, ఫిజిక్స్ తమ వాటా తీసుకున్నాక మిగిలిన కాస్త సమయంలోనే మన సిస్టమ్‌లన్నీ తమ క్వెరీలు ముగించుకోవాలి. అప్పుడు మొదలవుతుంది టెన్షన్: లైబ్రరీ మార్చాలా, స్టోరేజ్ మార్చాలా, క్వెరీలే తిరగరాయాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "నా గేముకు ఏ స్టోరేజ్ మంచిది?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. "ఈ కాంపొనెంట్‌కు ఏది మంచిది?" అని అడగాలి. ఎంటిటీ పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఉండే పొజిషన్‌కూ, అర సెకను ఉండి మాయమయ్యే "దెబ్బ తగిలింది" గుర్తుకూ ఒకే రకమైన ఇల్లు సరిపోదు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదట, ఆ కాంపొనెంట్ మీద ఫ్రేముకు ఎన్ని లూపులు తిరుగుతున్నాయి, ఒక్కో లూపు ఎన్ని ఎంటిటీలను తాకుతోంది అన్నది చూడాలి. రెండోది, ఆ కాంపొనెంట్‌ను ఎంత తరచుగా పెడుతున్నారు, తీసేస్తున్నారు. ఈ రెండూ తాసులో చెరో పళ్లెం లాంటివి. మిగతా కొలతలన్నీ వీటి తర్వాతే.

మూడోది, ఎంటిటీలు ఎన్ని రకాల కాంపొనెంట్ కలయికలుగా చీలిపోయి ఉన్నాయి. నాలుగోది, వరుసగా నడవడం ఎక్కువా, లేక ఐడీ పట్టుకుని ఎక్కడెక్కడో వెతకడం ఎక్కువా. ఐదోది, లూపును థ్రెడ్‌లకు పంచాలా, సిమ్డ్ (ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో ఒకేసారి చాలా అంకెల మీద పనిచేయడం) వాడాలా.

వీటన్నిటి వెనకా ఉన్న కారణం ఒకటే, మెమరీ. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కో బైటూ తెచ్చుకోదు. తన పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ అయిన క్యాష్‌లోకి ఒక ముక్క మొత్తాన్ని, అంటే క్యాష్ లైన్‌ను, తెచ్చుకుంటుంది. చాలా ప్రాసెసర్లలో అది 64 బైట్లు, యాపిల్ ఎం1 లాంటి వాటిలో 128. దగ్గరి క్యాష్‌లో ఉన్నది నాలుగైదు సైకిళ్లలో అందుతుంది. మెయిన్ మెమరీ దాకా వెళ్తే వందల సైకిళ్లు పోతాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. లక్ష ఎంటిటీలు, ఒక్కోదానికి 12 బైట్ల పొజిషన్, 12 బైట్ల వెలాసిటీ. ఈ రెండూ వేర్వేరు అర్రేల్లో బిగుతుగా పేర్చి ఉంటే మొత్తం 24 లక్షల బైట్లు, అంటే 37,500 క్యాష్ లైన్లు. తెచ్చిన ప్రతి బైటూ పనికొస్తుంది. అదే ఎంటిటీకి సంబంధించిన సమస్తాన్నీ 256 బైట్ల ఒకే స్ట్రక్ట్‌లో కుక్కితే, పొజిషన్, వెలాసిటీ ఒకే లైన్‌లో పక్కపక్కనే ఉన్నా సరే, లక్ష లైన్లు తేవాలి. ఒక్కో లైన్‌లో 40 బైట్లు ఊరికే వచ్చి ఊరికే పోతాయి. చేసే గణితం ఒకటే, మోసే బరువు రెండున్నర రెట్లకు పైనే. పైగా అర్రే వెంట నేరుగా నడుస్తుంటే తర్వాత ఏ లైన్ కావాలో హార్డ్‌వేరే ఊహించి ముందుగా తెచ్చిపెడుతుంది. అటూ ఇటూ గెంతుతుంటే ఆ సాయం అందదు.

## ఆర్కిటైప్ టేబుళ్లు

రస్ట్ భాషలోని గేమ్ ఇంజిన్ బెవీ డిఫాల్ట్‌గా వాడేది, ఫ్లెక్స్ అనే ఈసీఎస్ లైబ్రరీ నడిచేది, యూనిటీ ఎంటిటీస్ ప్యాకేజీ నిలబడింది దీని మీదే. సరిగ్గా ఒకే కాంపొనెంట్ల కలయిక (అదే ఆర్కిటైప్) ఉన్న ఎంటిటీలన్నీ ఒకే టేబుల్‌లో ఉంటాయి. ఎంటిటీకి ఒక వరుస, కాంపొనెంట్‌కు ఒక నిలువు వరుస. యూనిటీ ఈ టేబుల్‌ను 16 కిలోబైట్ల చంక్‌లుగా విడగొడుతుంది. 1.0 వెర్షన్ నుంచి ఒక్కో చంక్‌లో గరిష్ఠంగా 128 ఎంటిటీలే పడతాయి.

నడవడంలో దీనికి సాటి లేదు. పొజిషన్, వెలాసిటీ కావాలన్న క్వెరీ ముందు ఆ రెండూ ఉన్న టేబుళ్లను ఏరుకుంటుంది. ఆ తర్వాత ఒక్కో టేబుల్‌లో రెండు అర్రేల మీద సమాంతరంగా జారుకుంటూ పోతుంది. "ఈ ఎంటిటీకి వెలాసిటీ ఉందా?" అని ఒక్కొక్కరినీ అడగాల్సిన పనే లేదు. ఆ ప్రశ్నకు జవాబు టేబుల్‌ను ఎంచుకున్నప్పుడే తేలిపోయింది. కంపైలర్ సిమ్డ్ ఇన్‌స్ట్రక్షన్లు పెట్టడానికీ ఇదే అనువైన రూపం.

ఖర్చు రెండు చోట్ల ఉంది.

మొదటిది ఇల్లు మారే ఖర్చు. ఒక శత్రువుకు మొత్తం 300 బైట్ల కాంపొనెంట్లు ఉన్నాయనుకోండి. దానికి డేటా ఏమీ లేని "స్టన్" (కాసేపు కదలలేదు అన్న) గుర్తు ఒకటి తగిలిస్తే చాలు, అది వేరే టేబుల్‌కు చెందినదైపోతుంది. 300 బైట్లూ కొత్త టేబుల్‌కు కదలాలి. పాత టేబుల్‌లో పడ్డ ఖాళీని పూడ్చడానికి చివరి వరుసను అక్కడికి తెస్తారు, మరో 300 బైట్లు. స్టన్ తీసేసినప్పుడు మళ్లీ ఇదంతా జరుగుతుంది. ఒక్క ఎంటిటీకి ఒక్కసారి పెట్టి తీస్తే 1,200 బైట్ల వరకూ కదలిక. రెండు వేల ఎంటిటీలకైతే 24 లక్షల బైట్లు, అంటే ఇందాక మనం లక్ష ఎంటిటీల మీద నడిచినంత మెమరీ!

దీన్ని పట్టుకోవడం కష్టమని నాకు అనుభవం మీద తెలిసింది. నా ప్రాజెక్టు ఒకదానిలో ప్రతి ఢీకొట్టుడుకూ ఒక గుర్తు పెట్టి, తర్వాతి ఫ్రేములో తీసేసేవాణ్ని. స్పీడ్ తగ్గిందని రెండు రోజులు క్వెరీ లూపులనే చెక్కుతూ కూర్చున్నాను. లూపులు నిజానికి బాగానే ఉన్నాయి. పెట్టడం, తీయడం అన్నవి కమాండ్లుగా క్యూలో చేరి, సిస్టమ్‌ల మధ్య సింక్ పాయింట్‌లో ఒక్కసారిగా అమలవుతాయి. ఖర్చంతా అక్కడ కూర్చుని ఉంది. నేను చూస్తున్న సిస్టమ్ పేరు మీద అది కనిపించలేదు. మీరు ఆర్కిటైప్ ఈసీఎస్ వాడుతుంటే ప్రొఫైలర్‌లో (సమయం ఎక్కడ పోతోందో చూపే టూల్) ముందు ఆ సింక్ పాయింట్లనే చూడండి.

రెండో ఖర్చు ముక్కలైపోవడం. ఉండొచ్చు, లేకపోవచ్చు అన్న తరహా గుర్తులు ఎనిమిది ఉంటే 256 కలయికలు సాధ్యం. పదివేల ఎంటిటీలు వాటన్నిటిలోకీ సమానంగా చెదిరితే ఒక్కో టేబుల్‌కు 39 మిగులుతాయి. వరుసగా నడిచే లాభం అందేలోపే టేబుల్ అయిపోతుంది, మళ్లీ కొత్త టేబుల్ ఏర్పాట్లు మొదలు. యూనిటీలో అయితే చాలా చంక్‌లు సగం కూడా నిండకుండా 16 కిలోబైట్లు ఆక్రమిస్తాయి. ఫ్లెక్స్‌లో రిలేషన్‌షిప్‌లు (ఒక ఎంటిటీని మరో ఎంటిటీతో ముడిపెట్టేవి) విరివిగా వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా ఒక్కో టార్గెట్‌కూ ఒక్కో కొత్త టేబుల్ పుడుతుంది కాబట్టి, వెయ్యి మంది వేర్వేరు లక్ష్యాలను వెంటాడుతుంటే వెయ్యి టేబుళ్లు లేచినా ఆశ్చర్యం లేదు.

## స్పార్స్ సెట్

సీ ప్లస్ ప్లస్‌లో ఎన్‌టీటీ, రస్ట్‌లో షిప్‌యార్డ్ లైబ్రరీలు ఈ పద్ధతివి. మైన్‌క్రాఫ్ట్‌లో ఎన్‌టీటీ ఉందన్నది తెలిసిన సంగతే, కాబట్టి ఇది పెద్ద గేములకు పనికిరాదన్న మాట నమ్మకండి.

ఇక్కడ ప్రతి కాంపొనెంట్‌కూ సొంత కొలువు ఉంటుంది. ఆ కాంపొనెంట్ ఉన్న ఎంటిటీల ఐడీలు, వాటి డేటా ఒక బిగుతైన అర్రేలో ఉంటాయి. దానికి తోడు "ఫలానా ఐడీ ఆ అర్రేలో ఎన్నో స్థానంలో ఉంది" అని చెప్పే స్పార్స్ అర్రే మరొకటి.

దగ్గరగా చూద్దాం. 41వ ఎంటిటీ పొజిషన్ కొలువులో 6వ స్థానంలో ఉంది, వెలాసిటీ కొలువులో 902వ స్థానంలో ఉంది. ఎందుకంటే దానికి వెలాసిటీ చాలా ఆలస్యంగా వచ్చింది. రెండూ కావాలన్న క్వెరీ చిన్న కొలువును ముందు పెట్టుకుని నడుస్తుంది. ఇక్కడ అది పొజిషన్ అనుకుందాం. 6వ స్థానంలో 41 కనబడింది. వెలాసిటీ స్పార్స్ అర్రేలో 41 దగ్గరికి వెళ్తే 902 అని ఉంది. అక్కడికి గెంతి డేటా తెచ్చుకోవాలి. తర్వాతి ఎంటిటీకి 902 పక్కన కాకుండా 15కి గెంతాల్సి రావచ్చు. క్వెరీలో అడిగే కాంపొనెంట్లు పెరిగేకొద్దీ ఒక్కోదానికి ఇలాంటి గెంతు ఒకటి కలుస్తూ పోతుంది.

దీనికి ప్రతిఫలంగా దొరికేది, పెట్టడం తీయడం దాదాపు ఉచితం. ఇందాకటి స్టన్ గుర్తుకు అయ్యే పని, అర్రే చివర ఒక ఐడీ చేర్చి, స్పార్స్ అర్రేలో ఒక అంకె రాయడమే. ఆ 300 బైట్లూ ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఒకే కాంపొనెంట్ అడిగే క్వెరీ అయితే ఇక్కడ కూడా నేరుగా అర్రే వెంటే నడుస్తుంది, ఆర్కిటైప్‌తో సమానంగా, ఒక్కోసారి ముక్కల బెడద లేనందువల్ల అంతకన్నా మెరుగ్గా. లక్షలో యాభైమందికే ఉన్న అరుదైన కాంపొనెంట్‌ను క్వెరీలో చేర్చినా యాభై అడుగులే వేస్తుంది.

గెంతుల బాధ తగ్గించుకోవడానికి ఎన్‌టీటీలో రెండు దారులున్నాయి. ఒక కొలువును మరో కొలువు వరుసలోకి సార్ట్ చేసి తేవచ్చు. లేదా గ్రూపు కట్టవచ్చు. సొంతదారు గ్రూపు అంటే, పొజిషన్, వెలాసిటీ రెండూ ఉన్న ఎంటిటీలను రెండు కొలువుల్లోనూ ముందుభాగానికి తెచ్చి ఒకే వరుసలో నిలబెడుతుంది. అప్పుడు వెతుకులాట ఉండదు, రెండు అర్రేలూ జంటగా నడుస్తాయి. మీ గేములో అత్యంత బరువైన లూపుకు ఇది ఆర్కిటైప్ స్థాయి వేగం ఇస్తుంది. కానీ రెండు వేర్వేరు గ్రూపులు ఒకే కొలువు మీద ఇష్టం వచ్చినట్టు హక్కు చెప్పుకోలేవు. అందుకే గ్రూపును తొందరపడి కట్టవద్దంటాను. పొజిషన్‌ను ఎవరికి ఇవ్వాలి అన్నది మొత్తం ప్రాజెక్టు మీద ప్రభావం చూపే నిర్ణయం. ప్రొఫైలర్ చెప్పాకే ఇవ్వండి.

## కలిపి వాడటం

బెవీ 0.5 వెర్షన్ (2021) నుంచి ఒక్కో కాంపొనెంట్‌కూ టేబులా, స్పార్స్ సెట్టా అని విడిగా చెప్పే వీలుంది. నాకు అన్నిటికన్నా నచ్చే దారి ఇదే. పొజిషన్, ఆరోగ్యం, మెష్ లాంటివి టేబుల్‌లో, స్టన్, ఎంపిక గుర్తు లాంటివి స్పార్స్ సెట్‌లో. ఒక మెలిక గుర్తుంచుకోవాలి. క్వెరీలో గానీ దాని ఫిల్టర్‌లో గానీ ఒక్క స్పార్స్ కాంపొనెంట్ ఉన్నా ఆ క్వెరీ టేబుల్ వెంట నేరుగా జారే దారి వదిలేసి నెమ్మది దారి పడుతుంది. కాబట్టి మీ అతి బరువైన లూపులో "స్టన్ లేనివాళ్లు" అన్న ఫిల్టర్ ఉంటే స్టన్‌ను స్పార్స్ చేయడం వల్ల వచ్చిన లాభం అక్కడ కొంత కోల్పోతారు. రెండు విధాలా కొలిచి చూడాల్సిన చోటు ఇది.

యూనిటీది ఇంకో ఉపాయం: ఆన్, ఆఫ్ చేయగల కాంపొనెంట్లు. కాంపొనెంట్ ఎప్పుడూ టేబుల్‌లోనే ఉంటుంది, చంక్‌కు ఒక బిట్ మాస్క్ ఉంటుంది, ఆ బిట్ మారిస్తే చాలు. ఎంటిటీ కదలదు. తరచుగా మారే గుర్తులకు ఇది చక్కగా కుదురుతుంది. చాలా అరుదుగా ఉండే కాంపొనెంట్‌కు మాత్రం కుదరదు, ఎందుకంటే వాడనివాళ్లకు కూడా చోటు కేటాయించాలి.

ఈ ఉపాయం ఏ ఈసీఎస్‌లోనైనా మీ చేత్తో చేసుకోవచ్చు. స్టన్ గుర్తుకు బదులు "స్టన్ ఎంతసేపు మిగిలింది" అన్న అంకెను శాశ్వత కాంపొనెంట్‌గా ఉంచి, సున్నా అయితే దాటేయండి. సగంమందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు వాడే గుర్తు అయితే నేను ఇదే చేస్తాను.

రస్ట్‌లో స్పెక్స్ లైబ్రరీ వాడిన బిట్‌సెట్ పద్ధతి గురించి ఒక్క మాట. ప్రతి కాంపొనెంట్‌కు "ఎవరెవరికి ఉంది" అన్న బిట్ల పట్టిక, వాటిని ఆండ్ చేసి ఉమ్మడివాళ్లను తేల్చడం. ఆలోచన అందమైనది, చిన్న ప్రాజెక్టులకు ఇబ్బంది లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నేను దీన్ని సూచించను.

## ఒక్క చూపులో

| కొలత | ఆర్కిటైప్ టేబుల్ | స్పార్స్ సెట్ | స్పార్స్ సెట్ + గ్రూపు | టేబుల్‌లో ఆన్/ఆఫ్ బిట్ |
|---|---|---|---|---|
| ఎక్కువ కాంపొనెంట్ల లూపు | చాలా వేగం | గెంతులు పెరుగుతాయి | గ్రూపు లోపల చాలా వేగం | వేగం, బిట్ తనిఖీ అదనం |
| ఒకే కాంపొనెంట్ లూపు | వేగం | చాలా వేగం | చాలా వేగం | వేగం |
| పెట్టడం, తీయడం | ఖరీదు | చౌక | మధ్యస్థం | చాలా చౌక |
| కలయికలు పెరిగితే | ముక్కలవుతుంది | పట్టదు | పట్టదు | ముక్కలు కావు |
| అరుదైన కాంపొనెంట్ | ఫర్వాలేదు | చాలా మంచిది | చాలా మంచిది | చోటు వృథా |

## స్టోరేజ్ ముట్టుకోకుండానే దక్కే వేగం

లైబ్రరీ మార్చే ముందు క్వెరీలను ఒకసారి పరీక్షగా చూడండి. నేను చూసిన నెమ్మది లూపుల్లో చాలావాటికి మందు ఇక్కడే దొరికింది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, లూపు లోపల మరో ఎంటిటీ కోసం ఐడీతో వెతుకుతున్నారా అన్నది. బయటి లూపు ఎంత బిగుతుగా ఉన్నా, ప్రతి శత్రువూ తన టార్గెట్ పొజిషన్ కోసం ఎక్కడికో గెంతుతుంటే ఆ బిగుతు వల్ల ఒరిగేది లేదు. టార్గెట్లు కొద్దిమందే అయితే వాళ్ల పొజిషన్లు ముందుగానే చిన్న అర్రేలోకి తీసుకోండి. వేలల్లో ఉంటే టార్గెట్ వారీగా గుంపు చేయండి.

రెండోది "మారినవి మాత్రమే" అన్న ఫిల్టర్. పేరు చూస్తే మారిన పదింటినే తాకుతుందేమో అనిపిస్తుంది. బెవీలో ఇది సరిపోలిన ప్రతి ఎంటిటీ టిక్‌నూ (చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పే అంకె) చూస్తుంది. మారినవి పది, ఉన్నవి లక్ష అయితే లక్ష తనిఖీలు జరుగుతాయి. లోపల చేసే పని బరువైనదైతేనే లాభం. యూనిటీలో మార్పు చంక్ స్థాయిలో నమోదవుతుంది, అది చౌక. కానీ చంక్‌ను రాయడానికి తెరిస్తే చాలు, లోపల ఏదీ మారకపోయినా "మారింది" అని లెక్క. కాబట్టి చదవడానికి మాత్రమే కావాల్సినదాన్ని చదవడానికే అడగండి. ఆ ఒక్క అలవాటు సిస్టమ్‌లు సమాంతరంగా నడవడానికి కూడా దారి తీస్తుంది.

మూడోది క్వెరీని ఎక్కడ కడుతున్నారు అన్నది. ఏ టేబుళ్లు సరిపోతాయో వెతికే పని ప్రతి ఫ్రేములోనూ జరగనక్కర్లేదు. బెవీ సిస్టమ్ పారామీటర్‌గా తీసుకున్న క్వెరీ ఆ జాబితాను తనతో ఉంచుకుంటుంది. ఫ్లెక్స్‌లో క్యాష్ చేసిన క్వెరీలు, చేయనివి రెండూ ఉన్నాయి. ప్రతి ఫ్రేములో నడిచేవాటిని క్యాష్ చేయండి, ఎప్పుడో ఒకసారి అడిగేవాటిని వదిలేయండి. క్యాష్‌కు కూడా మెమరీ, నిర్వహణ ఖర్చు ఉంటాయి.

చిన్నది ఇంకొకటి. బెవీలో మామూలు ఫర్ లూపు బదులు ఇటరేటర్ మీద ఫర్ ఈచ్ పిలిస్తే, టేబుళ్లు చాలా ఉన్నప్పుడు వేగం పెరగవచ్చు, ఎందుకంటే టేబుల్ అయిపోయిందా అన్న తనిఖీ ప్రతి అడుగులో జరగదు. ఒక్క లైను మార్పు, ప్రయత్నించి చూడండి.

థ్రెడ్‌లకు పంచడం చివరి మెట్టు. ఒక్కో ఎంటిటీకి రెండు కూడికలు మాత్రమే చేసే లూపుకు పని పంచే ఖర్చే ఎక్కువవుతుంది. ఒకే థ్రెడ్ మెమరీ వేగానికి దగ్గరగా ఉంటే నాలుగు థ్రెడ్‌లు పెట్టినా నాలుగు రెట్లు రాదు. దారి వెతకడం లాంటి బరువైన పనికి మాత్రం తప్పక పంచండి.

## మీరు ఏ కోవలోకి వస్తారు?

వేలాది యూనిట్లు ఒకే రీతిలో కదిలే స్ట్రాటజీ గేమో, జనసమూహ సిమ్యులేషనో అయితే ఆర్కిటైప్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. కాంపొనెంట్లు స్థిరం, లూపులు పెద్దవి.

బఫ్‌లు, డీబఫ్‌లు (తాత్కాలికంగా బలం పెంచేవి, తగ్గించేవి), స్థితులు క్షణక్షణం మారే రోల్ ప్లేయింగ్ గేమ్ అయితే స్పార్స్ సెట్ హాయి. ఆర్కిటైప్‌లోనే ఉండాలనుకుంటే ఆ స్థితులన్నిటినీ ఒకే కాంపొనెంట్‌లో బిట్లుగా పెట్టండి, లేదా కలిపి వాడే దారి పట్టండి.

ఎడిటర్ లాంటి టూల్ కడుతుంటే, ఎంటిటీలు కొన్ని వేలు దాటవు, వెతుకులాట ఎక్కువ. మీకు ఐడీతో చేరుకునే వేగం, పాయింటర్ స్థిరత్వం (డేటా చిరునామా మారకపోవడం) ముఖ్యం, ఇటరేషన్ (వరుసగా నడవడం) గురించి బెంగ పెట్టుకోకండి.

ఇప్పటికే సగం కట్టేసిన ప్రాజెక్టు ఉన్నవాళ్లు లైబ్రరీ మార్చవద్దు. అత్యంత బరువైన మూడు సిస్టమ్‌లను, అత్యధికంగా పెట్టి తీసే మూడు కాంపొనెంట్లను ఒక కాగితం మీద రాయండి. రెండు జాబితాల్లోనూ కలిసే కాంపొనెంట్ ఉంటే మీ సమస్య అక్కడే ఉంది, దానికే చికిత్స చేయండి.

## కొలిచేటప్పుడు

రిలీజ్ బిల్డ్‌లోనే కొలవాలి. ఆప్టిమైజేషన్ లేని రస్ట్, సీ ప్లస్ ప్లస్ అంకెలు ఇటరేటర్ల విషయంలో పూర్తిగా తప్పుదారి పట్టిస్తాయి.

ఎంటిటీల సంఖ్యను మార్చి కొలవండి. వెయ్యి ఎంటిటీల డేటా దగ్గరి క్యాష్‌లో ఇమిడిపోతుంది, అక్కడ ఏ స్టోరేజ్ అయినా గొప్పగా కనిపిస్తుంది. క్యాష్ దాటాకే తేడా బయటపడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, తాజాగా పుట్టించిన ప్రపంచం మీద కొలిచి ఊరుకోవద్దు. చాలా బెంచ్‌మార్క్‌లు ఎంటిటీలను వరుసగా పుట్టించి వెంటనే లూపు తిప్పుతాయి. ఆ క్షణంలో స్పార్స్ సెట్‌లోని కొలువులన్నీ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి గెంతులే ఉండవు, ఆర్కిటైప్‌లో టేబుళ్లు రెండో మూడో ఉంటాయి. అసలు గేము పది నిమిషాలు నడిచాక కొలువుల వరుసలు చెల్లాచెదురై ఉంటాయి, టేబుళ్లు వందల్లో పుట్టి ఉంటాయి. అందుకే నా బెంచ్‌మార్క్‌లో ముందు కొన్ని వేల ఫ్రేములపాటు ఎంటిటీలను చంపుతూ, పుట్టిస్తూ, గుర్తులు పెడుతూ, తీస్తూ నడుపుతాను. గడియారం ఆ తర్వాతే మొదలుపెడతాను.